రాహులుని ముందు నీటిపాత్ర: అభ్యసన సిద్ధాంతాలు, పాలి తరగతి గది

కోల్‌కతా నగరంలో పార్క్ వీధిలోని ఆసియాటిక్ సొసైటీలో ఒక అశోక శాసనశిల భద్రపరచబడి ఉన్నది. రాజస్థాన్‌లోని బైరాట్ సమీపాన 1840లో కెప్టెన్ బర్ట్ కనుగొన్న ఈ శిలను తరువాత కలకత్తాకు చేర్చారు. పండితులు దీనిని కలకత్తా–బైరాట్ శాసనమని వ్యవహరిస్తారు. అశోకుని ఇతర శాసనాలలో అధికభాగం ప్రజలను ఉద్దేశించినవి కాగా, ఇది సంఘాన్ని ఉద్దేశించినది. బుద్ధ ధమ్మ సంఘాలపై తన గౌరవాన్ని ప్రకటించి, రాజు ఏడు ధమ్మపర్యాయాలను పేర్కొంటాడు. వాటిని భిక్షువులు, భిక్షుణులు, ఉపాసకులు, ఉపాసికలు తరచుగా వినవలెననీ, విన్నదానిని మనసున నిలుపుకొని విచారించవలెననీ కోరుతాడు. మనకు లభించిన బౌద్ధ పాఠ్యప్రణాళికలలో దీనికంటె ప్రాచీనమైనది మరొకటి కనబడదు.

ఆ ఏడింటిలో చివరిది, అసత్యాన్ని గురించి బుద్ధ భగవానుడు రాహులునికి చేసిన ఉపదేశం. దీనిని మజ్ఝిమ నికాయంలోని అంబలట్ఠిక రాహులోవాద సుత్తంగా చాలామంది పండితులు గుర్తించారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారు ఈ సుత్తాన్ని ధమ్మం కొరకే గాక బోధనా పద్ధతి కొరకు కూడా చదువవలసి ఉన్నది. రాహులుడు అప్పటికి బాలుడు. అట్ఠకథ ప్రకారం ఏడేండ్లవాడు. తండ్రి సాయంవేళ అతని నివాసానికి వస్తాడు. బాలుడు ఆసనం వేసి, కాళ్ళు కడుగుకొనుటకు నీరు ఉంచుతాడు. బుద్ధుడు కాళ్ళు కడుగుకొని పాత్రలో కొద్దిగా నీరు మిగిల్చి, ఇది కనబడుచున్నదా అని ప్రశ్నిస్తాడు. తెలిసి అసత్యమాడుటకు సిగ్గుపడనివాని శ్రమణత్వం అంత కొద్దిపాటిది అంటాడు. ఆ నీటిని పారబోస్తాడు, మళ్ళీ ప్రశ్న. పాత్రను బోర్లిస్తాడు, మళ్ళీ ప్రశ్న. తిరిగి నిలబెట్టి ఖాళీ పాత్రను చూపుతాడు, మళ్ళీ ప్రశ్న. ఆ తరువాత యుద్ధంలో తొండాన్ని కాపాడుకొనే రాజగజం ఉపమానం వస్తుంది. చివరకు, అద్దం దేనికి అని అడుగుతాడు. చూచుకొనుటకు అని బాలుడు బదులిస్తాడు. అట్లే ప్రతి కర్మనూ చేయుటకు ముందు, చేయుచుండగా, చేసిన తరువాత చూచుకొనవలెనని బోధ ముగుస్తుంది.

ఇందులో ఏ ఉపకరణాన్నీ వెదకి తెచ్చినది లేదు. బాలుడు తానే తెచ్చిన నీరు, తానే ఉంచిన పాత్ర. ప్రతి మెట్టు వద్ద అతడు చూచి సమాధానం చెప్పవలసి ఉన్నది. ఒకే భావం నాలుగు విధాల కనబడుతుంది. తెలిసిన దాని నుండి తెలియని దానికి, కంటికి కనబడే దాని నుండి కనబడని దానికి పాఠం సాగుతుంది. తన ఆలోచనను తానే పరిశీలించుకొనుట అభ్యసనంలో ఎంత ముఖ్యమో 1970లలో జాన్ ఫ్లావెల్ మొదలగు మనోవిజ్ఞానవేత్తలు ప్రత్యేక పరిశోధనాంశంగా చేపట్టారు. ఏడేండ్ల బాలునికి అద్దం చూపిన ఆ పాఠం మొత్తం ఆ అలవాటును కలిగించుటకే. అంత మాత్రాన ఆధునిక మనోవిజ్ఞానమంతా త్రిపిటకంలోనే ఉన్నదని చెప్పుట నా ఉద్దేశం కాదు. అటువంటి వాదాలు మన పత్రికలలో అవసరాన్ని మించి వస్తున్నాయి. ప్రయోగశాలలో నిర్ధారితమైనది వేరు, అనుభవం నుండి ఒక గొప్ప ఉపాధ్యాయుడు గ్రహించినది వేరు. అయితే రెండూ ఒకే చోటికి చేరినప్పుడు, ఆ చోటును శ్రద్ధగా చూడవలసి ఉంటుంది.

ఆ శ్రద్ధ మనకు ఇప్పుడు కావలసి వచ్చిన కారణం ఉన్నది. తెలుగునాట పాలి నేర్వగోరి వచ్చేవారిలో అధికులు విభక్తుల పట్టికల వద్దనే ఆగిపోతున్నారు. నాగార్జునకొండ, అమరావతి, భట్టిప్రోలు పేర్లు గర్వంగా చెప్పుకొనే జాతిలో ఒక సుత్తాన్ని మూలంలో చదివి అర్థం చెప్పగలవారు వేళ్ళపై లెక్కించదగినంత మందే ఉన్నారు. ఆగిపోయినవారికి శ్రద్ధ లేదని మనం తేలికగా తీర్పు చెబుతాము. పట్టికతో పాఠం మొదలుపెట్టినది ఎవరన్న ప్రశ్న వేసుకొనము.

కాలేజీ స్క్వేర్ పరిసరాలలో

ఈ ప్రశ్నను కలకత్తా నగరం నూట డెబ్బై ఏండ్ల క్రిందటనే ఎదుర్కొన్నది. ఈశ్వరచంద్ర విద్యాసాగరులు సంస్కృత కళాశాలలో విద్యార్థిగా ఉన్నప్పుడు బోపదేవుని ముగ్ధబోధ వ్యాకరణాన్ని చదివారు. పదమూడవ శతాబ్దికి చెందిన ఆ గ్రంథం సంస్కృతంలో, సూత్రరూపంలో ఉన్నది. సంస్కృతమే తెలియని పిల్లవాడు సంస్కృతం నేర్చుటకు సంస్కృత సూత్రాలను ఏండ్ల తరబడి కంఠస్థం చేయవలసి వచ్చేది. 1850 చివర సమర్పించిన నివేదికలో విద్యాసాగరులు ఈ పద్ధతిని మార్చవలెనని సూచించారు. 1851లో కళాశాల ప్రధానాచార్యులై ఆ మార్పును అమలు చేశారు. వ్యాకరణాన్ని వంగభాషలో క్లుప్తంగా చెప్పే ఉపక్రమణికను తామే వ్రాశారు. దానితోపాటు పంచతంత్రం మొదలగు గ్రంథాల నుండి సులభమైన భాగాలను ఏరి ఋజుపాఠం అనే వాచకాలను కూర్చారు. సిద్ధాంత కౌముదిని పై తరగతులకు ఉంచారు. సారాంశమేమనగా, నియమం మాతృభాషలో, ప్రయోగం మూలభాషలో, రెండూ ఏకకాలంలో. పియాజే, వైగాట్‌స్కీ పుట్టినది 1896లో. వారి పేర్లు వినకుండానే విద్యాసాగరులు వారి సిద్ధాంతాలలోని ప్రధానమైన ఆచరణను కనుగొన్నారు. 1855లో వచ్చిన ఆయన వర్ణపరిచయం నేటికీ వంగదేశపు పిల్లల చేతిలో ఉన్నది.

ఆ సంస్కృత కళాశాల కాలేజీ స్క్వేర్ ప్రక్కనే ఉన్నది. అదే చత్వరాన్ని ఆనుకొని మహాబోధి సొసైటీ వారి ధర్మరాజిక చైత్య విహారం ఉన్నది. 1920లో ప్రారంభమైన ఆ విహారంలో ప్రతిష్ఠించిన ధాతువు మన భట్టిప్రోలు స్తూపంలో లభించినది. అలెగ్జాండర్ రే 1892లో జరిపిన తవ్వకాలలో బయటపడి, మద్రాసు మ్యూజియంలో ఉండి, అక్కడి నుండి కలకత్తాకు చేరినది. కలకత్తా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా ప్రసిద్ధులైన అశుతోష్ ముఖర్జీ ఆనాడు మహాబోధి సొసైటీ అధ్యక్షులు కూడా. విశ్వవిద్యాలయంలో 1907లో పాలి శాఖ ఏర్పడినది ఆయన కాలంలోనే. ఆ శాఖలో దీర్ఘకాలం ఆచార్యులుగా ఉన్న వేణీమాధవ బారువా చట్టగ్రామం నుండి వచ్చినవారు. 1917లో లండన్ విశ్వవిద్యాలయం నుండి డి.లిట్. పొందారు. అశోక శాసనాలపై ఆయన గ్రంథం 1946లో వెలువడినది.

ఇదే విశ్వవిద్యాలయంలో 1916లో భారతదేశపు మొట్టమొదటి ప్రయోగాత్మక మనోవిజ్ఞాన శాఖ ఆరంభమైనది. బ్రజేంద్రనాథ్ శీల్ అందుకు పాఠ్యప్రణాళిక రూపొందించారు. హార్వర్డ్‌లో హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ వద్ద శిక్షణ పొందిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా దానికి నాయకత్వం వహించారు. 1921లో శీల్ తరువాత ఐదవ జార్జి ఆచార్య పీఠాన్ని అధిష్ఠించిన వారు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆ పీఠం పేరు మానసిక నైతిక శాస్త్రాల పీఠం. ఆయన అప్పటికే, 1912లోనే, మనోవిజ్ఞానంపై ఒక చిన్న పాఠ్యగ్రంథం ప్రకటించి ఉన్నారన్న సంగతి తెలుగు పాఠకులలో ఎక్కువమందికి తెలియదు. 1950లో ధమ్మపదానికి ఆంగ్లానువాదం వెలువరించిన రాధాకృష్ణన్‌ను మాత్రం అందరం ఎరుగుదుము.

ఇన్ని ఉన్నా, పాఠశాలలలోని చదువు మారలేదు. 1917లో నియమితమైన కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్, మైకేల్ సాడ్లర్ అధ్యక్షతన 1919లో సమర్పించిన నివేదికలో, పరీక్ష విద్యను ఎంతగా శాసిస్తున్నదో విస్తారంగా వివరించినది. సరిగా ఆ రోజులలోనే, 1918లో, రవీంద్రనాథ్ ఠాకూర్ ఒక చిలుక కథ వ్రాశారు. రాజాజ్ఞపై చిలుకకు విద్య చెప్పబూనుతారు. బంగారు పంజరం చేయిస్తారు, గ్రంథాల ప్రతులు గుట్టలుగా వ్రాయిస్తారు, పుటలను చిలుక గొంతులో కుక్కుతారు. పర్యవేక్షకులు, లేఖకులు, కంసాలులు బాగుపడతారు. చిలుక మరణిస్తుంది. చదువు ఎంతవరకు వచ్చినదని రాజు ఒత్తి చూస్తే లోపల కాగితాలు గలగలమంటాయి.

కంఠస్థం చేయుటయే దోషమా

ఠాకూర్ కథను చదివినవారు కంఠస్థం చేయుట అనగానే ముఖం చిట్లించుట నేర్చుకొన్నారు. నూతన విద్యావిధానాల పేరిట జరిగే సమావేశాలలో ఇదొక ఆచారమైనది. బౌద్ధాధ్యయన సంస్థ అంత తొందరపడరాదు. బుద్ధవచనం శతాబ్దాలపాటు లిపి లేకుండా నిలిచినది భాణకుల కంఠంలోనే. దీఘ భాణకులు, మజ్ఝిమ భాణకులు లేకపోతే నేడు మనకు చదువుటకు ఏమీ ఉండేది కాదు.

ఇక్కడ అభ్యసన సిద్ధాంతాలు మనకు నిజంగా ఉపకరిస్తాయి. ఉపాధ్యాయ అర్హత పరీక్షలకు సిద్ధమయ్యే మన యువతీ యువకులు ఈ సిద్ధాంతాల పేర్లను, వాటి కర్తలను, ప్రయోగానికి వాడిన జంతువులను జంటలు జంటలుగా బట్టీ పడతారు. పావ్‌లోవ్ – కుక్క, థార్న్‌డైక్ – పిల్లి, కోహ్లర్ – చింపాంజీ, స్కిన్నర్ – ఎలుక. అభ్యసనాన్ని గురించిన శాస్త్రం ఏ విధంగా నేర్వరాదని చెప్పినదో ఆ విధంగానే దానిని నేర్చుకొంటున్నాము. థార్న్‌డైక్ 1898 నాటి పిల్లుల ప్రయోగాల నుండి రూపొందించిన యత్నదోష సిద్ధాంతంలో సంసిద్ధతా నియమం, అభ్యాస నియమం, ఫలిత నియమం అని మూడున్నాయని వారు ఠక్కున చెప్పగలరు. కానీ 1930 ప్రాంతాన ఆయనే అభ్యాస నియమాన్ని చాలవరకు సవరించుకొన్నాడన్నది చాలామందికి తెలియదు. కళ్ళకు గంతలు కట్టుకొని నాలుగు అంగుళాల గీత గీయుమని కొందరిని కోరాడు. గీత సరియైనదో కాదో చెప్పలేదు. ఎన్ని వందల పర్యాయాలు గీచినా వారిలో మెరుగుదల రాలేదు. కేవలం పునరావృత్తి వలన నేర్పు కలుగదు, చేసినదాని ఫలితం తెలియవలెను. వల్లె వేయుచున్న నలభైమంది గొంతులలో ఎవరి ఉచ్చారణ తప్పో ఎవరికీ తెలియని తరగతి, ఆ కళ్ళగంతల ప్రయోగం వంటిదే.

అర్థం లేని అక్షరాలను కూర్చి తానే కంఠస్థం చేసి, తానే మరచిపోవుటను కొలిచిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో తన ఫలితాలు ప్రకటించాడు. మరపు మొదటి గంటలలోనే అత్యంత వేగంగా జరుగుతుందని, అభ్యాసాన్ని ఒకే పర్యాయం గాక ఎడంగా పంచితే మేలని, అర్థవంతమైన పద్యాన్ని నేర్చుటకు అర్థం లేని అక్షరాలకంటె ఎంతో తక్కువ శ్రమ పట్టునని ఆయన కనుగొన్నాడు. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇరువురు అమెరికా పరిశోధకులు దీనికి మరొక ముఖ్యాంశం చేర్చారు. ఒక పాఠ్యభాగాన్ని మరల మరల చదివిన విద్యార్థులు ఐదు నిమిషాల తరువాత జరిగిన పరీక్షలో ముందున్నారు. ఒక పర్యాయం చదివి, గ్రంథం మూసి, జ్ఞాపకం ఉన్నంత వ్రాయుటకు ప్రయత్నించినవారు వారం తరువాత జరిగిన పరీక్షలో ముందున్నారు. చదువుట వలన కలిగే తృప్తి తాత్కాలికం. జ్ఞప్తికి తెచ్చుకొనే ప్రయాస వలననే చదువు నిలుస్తుంది.

భాణకుల సంప్రదాయంలో బలం ఎక్కడ ఉన్నదో దీనిని బట్టి తెలుస్తుంది. వారి చేతిలో గ్రంథం లేదు గనుక ప్రతి పారాయణమూ జ్ఞాపకాన్ని తవ్వి తీయుటయే. సమూహంగా పారాయణం చేసేవారు గనుక తప్పు వెంటనే బయటపడేది. పక్షానికొకసారి ఉపోసథ దినాన ప్రాతిమోక్షాన్ని పారాయణం చేయవలసి ఉన్నందున అభ్యాసం ఎడంగా, క్రమంగా సాగేది. నేటి మన పిల్లలు పుస్తకం తెరచుకొని దాని వైపు చూస్తూ ఊగుతూ చదువుటలో ఈ మూడూ లేవు. పాతకాలపు కంఠస్థ విద్య నుండి మనం రూపాన్ని తీసుకొని సారాన్ని వదిలివేశాము.

నికాయాలు కూడా కంఠస్థాన్ని మొదటి మెట్టుగానే చూచాయి. వినుట, ధరించుట, వాక్కున పరిచితం చేసికొనుట, మనసున పరిశీలించుట, దృష్టితో చొచ్చుకొని పోవుట అనే ఐదింటి వరుస అనేక సుత్తాలలో వస్తుంది. మజ్ఝిమ నికాయంలోని అలగద్దూపమ సుత్తం, అర్థాన్ని పరీక్షించకుండా ధమ్మాన్ని పర్యాప్తి చేసినవానిని పామును తోకవద్ద పట్టినవానితో పోలుస్తుంది. పాము వెనుదిరిగి కాటు వేస్తుంది. ఆ సుత్తం ఖండించినది ధమ్మం నేర్చుటను కాదు, తప్పుగా పట్టుకొనుటను. ఠాకూర్ చిలుకకు, ఈ పాముకు మధ్య ఉన్న భేదాన్ని విద్యావేత్తలు గమనించవలసి ఉన్నది.

పాలి తరగతిలో ఏమి చేయవచ్చు

ఇప్పుడు పట్టిక వద్దకు వద్దాము. బుద్ధ శబ్దానికి ఎనిమిది విభక్తులు, రెండు వచనాలు, వెరసి పదహారు రూపాలు, కొన్నింటికి వికల్పాలు. మొదటి రోజుననే ఇవన్నీ నల్లబల్లపైకి ఎక్కుతాయి. మనిషి ఒకే సమయంలో మనసున ఉంచుకొనగలవి సుమారు ఏడు అంశాలేనని జార్జ్ మిల్లర్ 1956లో వ్రాశాడు. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్యను ఇంకా తగ్గించారు. పదహారు రూపాలు ఒక్కసారిగా చూచిన విద్యార్థికి కలుగుచున్నది బద్ధకం కాదు, భారం.

డేవిడ్ ఆసుబెల్ 1968 నాటి గ్రంథంలో, విద్యార్థికి ముందే ఏమి తెలియునో కనుగొని అక్కడి నుండి బోధించుటయే అన్నింటికంటె ముఖ్యమన్నాడు. తెలుగు విద్యార్థికి పాలి విషయంలో ముందే తెలిసినది తక్కువేమీ కాదు. ప్రాకృతాల మీదుగా మన భాషలోకి వచ్చిన తద్భవాలు పాలి పదాలకు కడు సమీపంలో ఉన్నాయి. అగ్గి రెండు భాషలలోనూ అగ్గియే. సిరి సిరియే. పాలి అచ్ఛరా మన అచ్చర. పక్ఖి మన పక్కి. సంఝా మన సంజ. విఞ్ఞాణం మన పాత కావ్యాలలోని విన్నాణం, అర్థం కొంత జరిగినది. మొదటి గంటలో ఇటువంటి ఇరవై పదాలను విద్యార్థుల నోటనే రాబట్టితే, అపరిచిత భాష అనే భయం సగం తొలగుతుంది. విన్నాణం వద్ద అర్థం ఎందుకు జరిగినదని అడిగితే, ఆ తరగతి భాషాచరిత్ర తరగతి కూడా అవుతుంది.

రెండవ గంటలో మూడు చిన్న వాక్యాలు చాలు. భిక్ఖు గామే వసతి. భిక్ఖు గామం గచ్ఛతి. భిక్ఖు గామా ఆగచ్ఛతి. భిక్షువు గ్రామంలో ఉంటున్నాడు, గ్రామానికి పోవుచున్నాడు, గ్రామం నుండి వచ్చుచున్నాడు. అర్థం చెప్పి, మారినది ఏమిటని ప్రశ్నించి ఊరకుండవలెను. విద్యార్థి తానే గామే, గామం, గామా అనే మూడింటి పనిని విడదీస్తాడు. ఆ తరువాత విహార శబ్దం ఇచ్చి ఇట్లే మూడు వాక్యాలు కట్టుమనవలెను. కోహ్లర్ చెప్పిన అంతర్దృష్టి ఏదో ఒక్కసారి మెరిసే మాయ కాదు. విడి భాగాల మధ్య సంబంధం కంటికి ఆనునట్లు ముందు ఉంచితే కలిగేది. పట్టిక చివరన రావలెను, విద్యార్థి తాను కనుగొన్నవాటిని సర్దుకొనే పెట్టెగా.

ఇక్కడ తప్పులను గురించి ఒక మాట. పోవుట అనే క్రియకు తెలుగు విద్యార్థి గామం అని వ్రాయుటకు బదులు గామస్స అని వ్రాసే అవకాశం ఉన్నది. ఎందుకనగా మన భాషలో గమ్యానికి కు, కి అనే ప్రత్యయం వస్తుంది. పాలిలో గమ్యానికి సాధారణంగా ద్వితీయ. కోల్‌కతాలోని వంగ విద్యార్థి ఇదే వాక్యంలో గామే అని వ్రాయవచ్చు. అతని భాషలో గ్రామానికి పోవుటకు కూడా గ్రామే అనే సప్తమీ రూపమే వాడుక. ఇద్దరి తప్పులూ వేరు, ఇద్దరి తప్పులకూ కారణం ఉన్నది. థార్న్‌డైక్ కాలం నుండి అభ్యసన బదలాయింపు అని పిలిచే దానిలో ఇది ప్రతికూల బదలాయింపు. పియాజే పరిభాషలో చెప్పవలెనన్న, కొత్త అనుభవాన్ని పాత చట్రంలో ఇముడ్చుకొనే సాంశీకరణం జరిగినది, చట్రాన్నే మార్చుకొనే అనుగుణ్యం ఇంకా జరుగలేదు. ఎర్ర సిరాతో కొట్టివేసిన ఉపాధ్యాయుడు తప్పును చూచాడు. తెలుగులో ఈ మాట ఎట్లా అంటావు అని అడిగిన ఉపాధ్యాయుడు విద్యార్థిని చూచాడు.

తప్పును ఎగతాళి చేయుట వేరొక సంగతి. చూళపంథకుని కథ మనకు తెలిసినదే. నాలుగు నెలలలో ఒక్క గాథ కంఠస్థం కాలేదు. అన్న మహాపంథకుడు విహారం విడిచి పొమ్మన్నాడు. బుద్ధుడు అతనికి తెల్లని వస్త్రఖండం ఇచ్చి, తూర్పు ముఖంగా కూర్చుండి దానిని చేతితో రుద్దుతూ మలినం తొలగించుటను తలచుకొమ్మన్నాడు. వస్త్రం మాసినది. అనిత్యం అతనికి ప్రత్యక్షమైనది. గమ్యం మార్చలేదు, మార్గాన్ని మాటల నుండి చేతికి మార్చాడు. ఈ కథ చెప్పేటప్పుడు మనం తరచుగా విడిచిపెట్టే భాగం అట్ఠకథలో ఉన్నది. చూళపంథకుడు కస్సప బుద్ధుని కాలంలో ప్రజ్ఞావంతుడైన భిక్షువట. పాఠం రాని మరొక భిక్షువును చూచి నవ్వాడట. ఆ భిక్షువు సిగ్గుపడి చదువే మానివేశాడట. పూర్వజన్మను విశ్వసించినా మానినా, తరగతిలోని ఒక్క నవ్వుకు ఎంత ఫలితం ఉండునో ఆ అట్ఠకథాకారునికి తెలుసు. గంట మ్రోగగానే పావ్‌లోవ్ కుక్కకు లాలాజలం ఊరినట్లు, వ్యాకరణం గంట మ్రోగగానే పిల్లవానికి అరచేతులు చెమర్చుట కూడా శాస్త్రీయ నిబంధనమే. దానిని కలిగించినవారు ఉపాధ్యాయులు.

అంగుత్తర నికాయం పుగ్గలులను నలుగురుగా చెబుతుంది. సూచన మాత్రాన గ్రహించే ఉగ్ఘటితఞ్ఞు, వివరిస్తే గ్రహించే విపచితఞ్ఞు, వెంట ఉండి నడిపించవలసిన నేయ్యుడు, పదాల వద్దనే ఆగిపోయే పదపరముడు. ఈ విభాగాన్ని చూచి కొందరు నేటి అభ్యసన శైలుల వాదంతో జోడిస్తారు. కొందరు చూచి నేర్చేవారు, కొందరు విని నేర్చేవారు, ఎవరి శైలిలో వారికి బోధించవలెనన్నది ఆ వాదం. 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం ఆ వాదానికి సంబంధించిన పరిశోధనలను పరిశీలించి, దానికి తగిన ఆధారం లేదని తేల్చినది. నికాయం చెప్పినది శైలి కాదు, ఎంత సాయం అవసరమన్నది. ఇది వైగాట్‌స్కీ చెప్పిన సామీప్య వికాస మండలానికి దగ్గర. తనంతట చేయగలిగినదానికి, ఇతరుల సాయంతో చేయగలిగినదానికి మధ్య ఉన్న ఎడమే బోధనకు తగిన స్థలం. నేయ్యునికి రెండు వాక్యాలు పూరించి మూడవది అతనిని పూరించుమనవలెను. ఉగ్ఘటితఞ్ఞువుకు అట్లా చేస్తే విసుగు పుడుతుంది. నలుగురినీ ఒకే బల్లపై కూర్చుండబెట్టి, ముందున్నవాడు వెనుకనున్నవానికి వివరించే ఏర్పాటు చేస్తే ఇద్దరికీ లాభం. అయితే ఒక విద్యార్థిని పదపరముడని మొదటి వారంలోనే నిర్ణయించి పట్టికలో వ్రాసికొనే ఉపాధ్యాయుని గూర్చి నాకు భయం. మహాపంథకుడు చేసినది అదే.

గణక మోగ్గల్లాన సుత్తం ఈ సాయానికి హద్దును కూడా చూపుతుంది. లెక్కలు నేర్పే మోగ్గల్లానుడు తన శిష్యులకు ఒకటి, రెండు, మూడు అంటూ నూరు వరకు క్రమంగా నేర్పుదునని చెప్పి, నీ ధమ్మంలో అటువంటి అనుక్రమ శిక్షణ ఉన్నదా అని అడుగుతాడు. ఉన్నదని బుద్ధుడు మెట్టు మెట్టుగా వివరిస్తాడు. అందరూ గమ్యం చేరుదురా అని మోగ్గల్లానుని తరువాతి ప్రశ్న. కొందరు చేరుదురు, కొందరు చేరరు. రాజగృహానికి దారి అడిగిన ఇద్దరిలో ఒకడు చేరి, ఒకడు దారి తప్పితే దారి చెప్పినవాడు ఏమి చేయగలడు? ఈ సమాధానాన్ని మన తరగతులలో సాకుగా వాడుకొనరాదు. ఆ మాట అనుటకు ముందు బుద్ధుడు ప్రతి మెట్టునూ చెప్పి ఉన్నాడు. విద్యార్థి చేరలేదనుటకు మనకు అర్హత కలిగేది, మనం చెప్పిన దారిలో మెట్లు తప్పిపోలేదని చూచుకొన్న తరువాతనే.

మిగిలినది పరీక్ష. బోధనను ఎంత మార్చినా ప్రశ్నపత్రం మారకపోతే విద్యార్థి ప్రశ్నపత్రాన్నే అనుసరిస్తాడు. నూరేండ్ల క్రితం సాడ్లర్ కమిషన్ గమనించినది నేటికీ నిజం. బుద్ధ శబ్దాన్ని సప్త విభక్తులలో వ్రాయుము అన్న ప్రశ్నకు బదులు, తరగతిలో చూడని ఐదారు పంక్తుల సులభమైన పాలి భాగాన్ని ఇచ్చి, అందులో ఎవరు ఎక్కడికి పోయిరి, ఏమి ఇచ్చిరి అని తెలుగులో అడుగవచ్చు. పదాల పట్టిక ప్రక్కన ఇవ్వవచ్చు. ఒక వాక్యంలో గామం అనే చోట గామే అని మార్చితే అర్థం ఎట్లా మారునని అడుగవచ్చు. అశోకుడు పేర్కొన్న ఆ రాహులోవాదం నుండే, అద్దాన్ని గురించిన భాగాన్ని పదకోశంతో ఇచ్చి, బుద్ధుడు అడిగిన ప్రశ్నలను వరుసగా తెలుగులో వ్రాయుమనవచ్చు. మొదటి సంవత్సరాంతాన అంత చేయగలిగిన విద్యార్థి రెండవ సంవత్సరానికి తానే వస్తాడు.